రెండో సగం

పక్క గదిలో ఎవరో గురక పెడుతున్నారు. మామూలు గురక కాదు, గొంతులో నీళ్ళు పోసుకుని పుక్కిలిస్తున్నట్టు బరువుగా, తీరిగ్గా వస్తోంది. నేను వచ్చి కూర్చున్నప్పటి నుంచీ అదే వరస. మిట్టమధ్యాహ్నం అంత నిద్ర పట్టినవాడెవడో గానీ, నాకు వాడి మీద కుళ్ళు పుట్టింది. మెషిన్ షాపుకీ, ఆసుపత్రికీ, పోలీస్ స్టేషన్‌కీ తిరిగి తిరిగి నా మోకాళ్ళు రెండూ సమ్మెకి దిగాయి. నిద్ర సంగతి అడక్కండి. ఈ వృత్తిలో అది ఎప్పుడూ పక్కింటివాళ్ళ వస్తువే.

"మా తమ్ముడు, బాబాయ్ గారూ," అంది ఆ ఇంటావిడ, నేను అటు చూడటం గమనించి. "వీడూ అదే షాపు. భుజం మీద క్రేను గొలుసు తెగిపడింది. నెల నుంచీ కన్ను మూతపడట్లేదు. ఇందాకే పడుకున్నాడు. లేపమంటారా?"

"వద్దమ్మా, పడుకోనీ. నాతో మాట్లాడటం కంటే నిద్రపోవడం మంచి పని."

ఆ మాట అన్నందుకు తర్వాత నన్ను నేను తిట్టుకోవాల్సి వచ్చింది. అప్పటికి మాత్రం మర్యాదగానే అన్నాను.

ఆమె భర్త పోయి వారం. లేత్ మిషన్ మీద పనిచేసే టర్నర్. వెంట్రుకని కూడా కొలిచి గానీ దువ్వుకోడని తోటివాళ్ళు అతన్ని 'కొలత' అని పిలిచేవారు. ఏడాది కిందట ఇనుప కడ్డీల కట్ట జారి నడుం మీద పడింది. అప్పటి నుంచీ నొప్పి మాత్రలే తిండి. ఒక రాత్రి మాత్ర వేసుకుని పడుకున్నాడు, తెల్లారి లేవలేదు. రక్తంలో మందు మోతాదుకి ఎన్నో రెట్లు ఉందని ఆసుపత్రి చెప్పింది. బీమా కంపెనీ ఆ ఒక్క ముక్క పట్టుకుంది. కావాలనే మింగాడు, కాబట్టి ఇంటివాళ్ళకి పరిహారం లేదు అంది. అసలు సంగతి ఆరా తీయమని కార్మిక సంఘం వాళ్ళు నన్ను పిలిచింది అందుకే. 

ఆమె మాత్రం పరిహారం ఊసు ఎత్తలేదు. "మా పాప బడికి వెళ్ళనంటోంది బాబాయ్ గారూ," అంది. "మనమంటే ఇష్టం లేకే నాన్న వెళ్ళిపోయాడట కదా అని ఎవరో పిల్ల అడిగిందట. దానికి నేనేం చెప్పాలో మీరు తేల్చి చెప్పండి. డబ్బు సంగతి తర్వాత."

ఇలాంటి పనులు ఒప్పుకోకూడదు. ఒప్పుకున్నాక మరి ఇంటికెళ్ళి పడుకోలేం.

"ఆ రాత్రి మాత్ర నువ్వు చూస్తుండగానే వేసుకున్నాడా?"

"చూడ్డమేంటి, నీళ్ళు ఇచ్చిందే నేను. అన్నం తిన్నాక, పాప పడుకున్నాక."

"ఎన్ని?"

"సగం."

"సరిగ్గా గుర్తు తెచ్చుకో."

"గుర్తు తెచ్చుకునేదేముంది? మా ఇళ్ళల్లో నిండు మాత్ర ఎవరు మింగుతారు?" అంది, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు చూస్తూ.

ఆ సంగతి నాకు షాపులో అప్పటికే తెలిసింది. దెబ్బ తగిలినవాడికి మాత్రలు బీమా కంపెనీ ఇస్తుంది, నిజమే. కానీ ఉన్నట్టుండి ఒక నెల ఆపేస్తుంది. మళ్ళీ డాక్టరు చూడాలంటుంది, పైవాళ్ళు ఒప్పుకోవాలంటుంది. వాళ్ళు ఒప్పుకునేదాకా నొప్పి ఆగదు కదా. బయట కొందామంటే ఒక్క అట్టకి వారం కూలి ఎగిరిపోతుంది. అందుకని అందరూ ఉన్న రోజే సగం వేసుకుని, సగం దాస్తారు. నొప్పిలో సగం ఓర్చుకుంటారు. దానికి షాపులో ఒక జోకు కూడా ఉంది. "పూర్తిగా తగ్గిందా?" అని అడిగితే, "అంత స్తోమత లేదు" అంటారు.

"మాత్ర వేసుకున్నాక?"

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది. "నిద్రపోయారు. గురక కూడా పెట్టారు. నడుం విరిగిన దగ్గర్నుంచీ రాత్రంతా గోడ పట్టుకుని అటూ ఇటూ తిరగడమే తప్ప ఆ మనిషి గురక నేను వినలేదు. హమ్మయ్య, ఇన్నాళ్ళకి ఒళ్ళెరగకుండా పడుకున్నారు అని..." ఆగింది. "సంతోషంగా నిద్రపోయాను బాబాయ్ గారూ. తెల్లారి చెయ్యి వేస్తే చల్లగా ఉన్నారు."

సంతోషపడినందుకు తనని తాను క్షమించుకోలేకపోతోంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను.

కిటికీ కింద అతని పని బల్ల. ఇంట్లో కూడా ముక్కల్ని బిగించే చిన్న బెంచి వైసు, ఆకురాళ్ళు, వరసగా తగిలించిన కొలత పరికరాలు. ఒక రేకు డబ్బా, దాని పక్కన అగ్గిపెట్టె అంత ఇత్తడి దిమ్మ. దిమ్మ చేతిలోకి తీసుకున్నాను. మధ్యలో గుండ్రటి గాడి, గాడికి అడ్డంగా సన్నటి చీలిక, చీలికలో హ్యాక్సా బ్లేడు ముక్క. మాత్రని గాడిలో పెట్టి బ్లేడు నొక్కితే పొడి రాలకుండా రెండు సమానమైన ముక్కలు అవుతుంది.

"ఇది ఆయన చేసిందేనా?"

"కత్తితో కోస్తే ఒక ముక్క పెద్దదీ ఒక ముక్క చిన్నదీ అవుతోందని నెల రోజులు సణిగి సణిగి చేశారు. సగం అంటే సగం ఉండాలట."

దిమ్మ తిప్పి చూశాను. వెనకవైపు ఇంకో గాడి ఉంది. ఇది గుండ్రం కాదు, కోలగా ఉంది. మొదటి గాడి వాడి వాడి నల్లబడింది. ఇది కొత్త బంగారంలా మెరుస్తోంది. అంచున తెల్లటి పొడి కాస్త అంటుకుని ఉంది. రేకు డబ్బా మూత తీశాను. నిండా సగాలే, అన్నీ గుండ్రటి మాత్రల సగాలు. కోలగా ఉన్నది ఒక్కటీ లేదు.

బల్ల కింద మాత్రం ఇత్తడి రజను గుప్పెడు పేరుకుని ఉంది. గోరంత గాడికి ఇంత రజను ఎలా రాలిందబ్బా అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను. అలసిన బుర్ర ఒకసారి ఒక్క పనే చేస్తుంది.

"కొత్త గాడి ఎప్పుడు చెక్కాడు?"

"ఆ రోజు సాయంత్రమే. మాత్ర మారింది, పాత గాడిలో పట్టట్లేదు అన్నారు. చీకటి పడేదాకా ఆకురాయితో రుద్దుతూనే ఉన్నారు. గాడి సరిగ్గా కోస్తోందో లేదో చూడాలని కొత్త కవరు విప్పి ఒకటి కోశారు."

గురక ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకుంది. అదే సమయానికి వీధి తలుపు దగ్గర దగ్గు వినిపించింది. ఆ దగ్గు నాకు బాగా తెలుసు.

"చెల్లెమ్మా, లోపలికి రావచ్చా?" అంటూనే వచ్చేశాడు కత్తెర. "ఓహో, గురువుగారు కూడా ఇక్కడే ఉన్నారే! మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"నీకంటే నిజాయితీగా ఉన్నాయి. నొప్పి పుడితే నొప్పి అంటాయి."

వీడు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. ఎవరి గుమ్మంలో ఎలా నిలబడాలో, ఏ మాట దగ్గర ఆగాలో నేనే నేర్పాను. ఆ విద్యతో బీమా కంపెనీలో చేరి, దెబ్బతిన్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి నొప్పి నిజమో కాదో తేలుస్తుంటాడు. వాడు వచ్చి వెళ్ళాక ఏదో ఒకటి కోతపడటం ఖాయం కాబట్టి కార్మికులు ఆ పేరు పెట్టారు. నా నోటికీ అదే అలవాటైంది.

"ఊరక రారు మహాత్ములు. ఏం పని మీద వచ్చావు?"

"మిగిలిన మందులు వెనక్కి తీసుకోవాలి. కంపెనీ సొత్తు కదా." రేకు డబ్బా చూసి తల పంకించాడు. "చూశారా, ఎంత దాచాడో! ఇలాంటిదే ఇంకో డబ్బా ఉండి ఉంటుంది. అదే ఆ రాత్రి ఖాళీ అయింది."

"ఇంకో డబ్బా చూశావా?"

"చూడలేదు."

"మరి ఎలా చెప్పావు?"

"పోలీసులు తీసుకెళ్ళిన కొత్త మాత్రల కవర్లో తగ్గింది ఒక్కటే, గురువుగారూ. ఒక్క మాత్రకి మనిషి చస్తాడా? రక్తంలో చూస్తే చాలా ఉంది. అంటే పాతవి దాచుకుని ఒక్కసారే మింగాడు. కూడిక తీసివేత మీరే నేర్పారు."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఇది చూడు." దిమ్మ వాడి చేతిలో పెట్టాను. "చావాలనుకున్నవాడు ఆ సాయంత్రం కూర్చుని, మాత్రని సమానంగా కోయడానికి కొత్త గాడి చెక్కుతాడా? చచ్చేవాడికి పెద్ద ముక్కయితేనేం, చిన్న ముక్కయితేనేం?"

కత్తెర దిమ్మని వెలుతురులో తిప్పాడు. పనివాడి చేతి ముద్ర ఎలా ఉంటుందో వాడికీ తెలుసు. మొహంలో నవ్వు కాస్త తగ్గింది. తగ్గినా ఒప్పుకుంటే వాడు కత్తెర ఎందుకవుతాడు?

"మనసు మారి ఉండొచ్చు. రాత్రిపూట నొప్పి ఎక్కువవుతుంది."

"అసలు మాత్ర ఎందుకు మారింది?"

"పైనుంచి మార్చారు. పాతది పూటపూటకీ వేసుకోవాలి, ఖర్చెక్కువ. ఇది రోజుకొకటి చాలు. కంపెనీకి చవక, వాళ్ళకి సుఖం. కందకు లేని దురద కత్తిపీటకెందుకు చెప్పండి?"

రోజుకొకటి. ఆ మాట నా బుర్రలో ఎక్కడో తట్టుకుంది. మాత్రలిచ్చిన మందుల షాపు కాంపౌండరుకి ఫోన్ చేసి, కత్తెరకి కూడా వినపడేలా బల్ల మీద పెట్టాను.

"కోల మాత్రా? అవునండీ, పోయిన వారమే వచ్చింది," అన్నాడు కాంపౌండరు. వెనక జనం గోల వినిపిస్తోంది. "మెల్లగా కరిగే మాత్ర. మింగితే రోజంతా కొంచెం కొంచెం వదులుతుంది."

"అంటే రోజంతటి మందూ ఒక్కదాంట్లోనే ఉందా?"

"అంతే కదండీ."

"విరిస్తే?"

అవతల గోల అలాగే ఉంది గానీ కాంపౌండరు గొంతు తగ్గింది. "విరవకూడదండీ. పైపూత తెగితే అది మెల్లగా కరగదు, లోపలి మందంతా ఒక్కసారే ఎక్కేస్తుంది. దీంట్లో బలం కూడా ఎక్కువ. పాత మాత్ర సగం వేసుకునే అలవాటున్నవాడు దీన్ని విరిచి వేసుకుంటే ఊపిరే ఆగిపోతుంది. పెట్టె మీద రాసి ఉంటుంది కదా."

"ఆ పెట్టె నువ్వు వాళ్ళకి ఇచ్చావా?"

"పెట్టెలెక్కడివండీ? కంపెనీ పెద్ద డబ్బాలో పంపుతుంది. మేం కవర్లో పోసి ఇస్తాం. రోజుకొకటి అని చెప్పమన్నారు, చెప్పాం. విరుస్తారని ఎవరికి తెలుసు?"

నిజమే, ఎవరికి తెలుసు? రాసిన డాక్టరు ఇంట్లో మాత్ర ఎవరూ విరవరు. కొన్న కంపెనీవాళ్ళూ విరవరు. దెబ్బతిని, డబ్బుల్లేక, జాగ్రత్తగా బతికేవాళ్ళకే 'సగమే వేసుకుంటున్నాం, సగంతో ఏమవుతుందిలే' అనే ధైర్యం ఉంటుంది. ఆ జాగ్రత్తే కొలతని చంపింది. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక ఫోన్ పెట్టేశాను.

కత్తెర గోడకి ఆనుకున్నాడు. "బాగుంది. కానీ దీన్ని మా కంపెనీ ఇంకోలా చెబుతుంది గురువుగారూ. రోజుకొకటి అని చెప్పినా విరిచాడు, రెండు సగాలూ మింగాడు. తప్పు తనదే."

"ఒక్క సగమే మింగాడు. భార్య చూసింది."

"భార్య మాట చెల్లదు. ఒకటే మింగితే రెండోది ఉండాలి. డబ్బాలో లేదు. బల్ల మీద లేదు. పోలీసుల దగ్గరా లేదు." దిమ్మలోని కొత్త గాడి మీద గోటితో కొట్టాడు. "రెండో సగం చూపించండి. నేనే పైవాళ్ళతో పోట్లాడతాను. ఒట్టు."

వాడి గొంతులో వెటకారం లేదు. వాడికీ విసుగెత్తి ఉంటుంది. కానీ అడిగింది సరైన ప్రశ్నే. కేసు మొత్తం గోరంత ముక్క మీద నిలబడింది. పాపకి చెప్పాల్సిన జవాబు కూడా దాని మీదే ఉంది. బల్ల సొరుగులు లాగాను. మంచం కింద వంగాను, మోకాళ్ళు మొర్రో అన్నాయి. ఆకురాళ్ళ వెనక, వైసు పళ్ళ మధ్య వెతికాను.

ఆమె రెండు గ్లాసుల్లో టీ పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఏం వెతుకుతున్నారు?"

"ఆ రాత్రి ఆయన కోసిన మాత్రలో మిగిలిన సగం అమ్మా. దొరికితే ఆయన కావాలని చావలేదని ఎవరైనా ఒప్పుకోవాల్సిందే."

ఆమె మొహం విప్పారింది. వారం రోజుల్లో మొదటిసారి అనుకుంటాను. "అదా! గూట్లో గ్లాసు బోర్లించి దాని కింద పెట్టారండీ, చీమలు పట్టకుండా. పోలీసులు చూడలేదు."

"ఇప్పుడుందా?"

"ఇప్పుడెక్కడిది? తమ్ముడు భుజం నొప్పికి గోడకి తల కొట్టుకుంటున్నాడు. వాడి మాత్రలు కంపెనీ ఆపేసింది కదా, ఈయన్ని అడగండి," అని కత్తెర వైపు చూసింది. "డబ్బాలోవి కంపెనీ లెక్కపెట్టి తీసుకెళ్తుందన్నారు, గ్లాసు కింద బావది సగం ఉంది, వేసుకోరా అని నేనే ఇచ్చాను. మీరు రావడానికి కాస్త ముందే. సగమే కదా అని..."

మిగతా మాట ఆమె నోట్లోనే ఉండిపోయింది. ఎందుకంటే నేను చెయ్యెత్తాను.

"అమ్మా, మీ తమ్ముడికి గురక అలవాటుందా?"

"లేదే," అంది ఆమె.

ముగ్గురం చెవులు రిక్కించాం. పక్క గదిలోంచి ఏ శబ్దమూ లేదు. అది ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. నేను సొరుగులు లాగుతున్నాను కదా.

నా మోకాళ్ళు ఎలా పరిగెత్తాయో వాటికే తెలియాలి. కుర్రాడు వెల్లకిలా పడి ఉన్నాడు. పెదాలు నీలం. కనురెప్ప ఎత్తితే కనుపాప గుండుసూది మొనంత ఉంది. చెంప మీద కొట్టాను, చలనం లేదు. గుండె మీద చెవి పెట్టాను. కొట్టుకుంటోంది, కానీ కొట్టుకోవడం మర్చిపోతున్నట్టుగా. ఊపిరి లేదు. తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదాను.

"ఒరేయ్ తమ్ముడూ!" వెనక గ్లాసులు పడి పగిలాయి. ఆమె వాడి పాదాలు పట్టుకుని రుద్దుతోంది. "నేనే ఇచ్చాను, నేనే ఇచ్చాను రా..."

"అంబులెన్సు!" అని అరిచాను, రెండు ఊపిరుల మధ్య.

కత్తెర అప్పటికే ఫోన్ పట్టుకున్నాడు. ఇల్లు ఎక్కడో చెప్పాడు. అవతలి అమ్మాయి ప్రశ్నలు నాకూ స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"ఏం మింగాడండీ?"

"నొప్పి మాత్ర."

"ఎన్ని మింగాడు? ఎన్నో చెబితేనే విరుగుడు ఎంత తేవాలో తెలుస్తుంది."

ఇలాంటి ఫోన్లలో ప్రతి మాటా రికార్డవుతుందని నాకు తెలుసు, కత్తెరకీ తెలుసు. తన నోటితో చెప్పింది రేపు తన కంపెనీ మెడకే చుట్టుకుంటుంది. మంచం మీది కుర్రాణ్ణి చూశాడు. చేతిలో ఇంకా పట్టుకునే ఉన్న ఇత్తడి దిమ్మని చూశాడు.

"సగం," అన్నాడు.

"సార్, సరిగ్గా చెప్పండి. సగం అట్టా? సగం డబ్బానా?"

"సగం మాత్ర అమ్మా! ఒక్క మాత్రలో సగం. రోజంతా కరిగే మాత్ర, విరిచి వేసుకున్నాడు. మా కంపెనీ ఇచ్చిందే. చెప్పకుండా ఇచ్చాం." మంచం దగ్గరికి వచ్చాడు. "వారం కిందట ఇదే ఇంట్లో ఈ అబ్బాయి బావ పోయాడు. అతను మింగిందీ సగమే. ఇంకో సగం ఇతను మింగాడు. రాసుకో. త్వరగా పంపు."

పాదాలు రుద్దుతున్న ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఆ మాట ఆమె విన్నది. పాపకి చెప్పాల్సిన జవాబు దొరికింది గానీ, దొరికిన ఘడియ ఎలాంటిదో చూడండి. 

నేను ఊదుతూనే ఉన్నాను. కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. ఉన్నట్టుండి వాడి ఛాతీ దానంతటదే ఒకసారి పైకి లేచింది. ఒక్కసారే. మళ్ళీ ఆగింది. మళ్ళీ ఊదాను.

"తప్పుకోండి, మీ వల్ల కాదు," అని కత్తెర నన్ను పక్కకి నెట్టి నా చోట కూర్చున్నాడు. వాడి చేతిలోంచి దిమ్మ నేల మీద పడి దొర్లి, కోల గాడి పైకి కనపడేలా ఆగింది.

నేను గోడకి జారగిలబడి దాన్నే చూస్తున్నాను. మెరిసే ఆ చిన్న గాడి. బల్ల కింద గుప్పెడు రజను. అప్పుడు పనిచేసింది నా బుర్ర.

"అమ్మా," అన్నాను. "ఆ సాయంత్రం చీకటి పడేదాకా రుద్దాడన్నావు. ఒక్క దిమ్మకేనా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. తమ్ముడి పాదాలు వదల్లేదు.

"దెబ్బలు తగిలిన వాళ్ళందరి దగ్గరా ఆయన చేసిచ్చిన దిమ్మలే ఉన్నాయి బాబాయ్ గారూ. కొత్త మాత్ర పట్టట్లేదని సంచిలో వేసుకుని అందరూ ఇంటికి పట్టుకొచ్చారు. పాపం, నడుం నొప్పి ఓర్చుకుని అన్నిటికీ కొత్త గాడి చెక్కి ఇచ్చారు."

"మరి వాళ్ళంతా ఇంకా బతికే ఉన్నారు కదా?" అన్నాను.

కత్తెర తలెత్తాడు. వాడి మొహంలో నెత్తురు లేదు. "వాళ్ళ దగ్గర పాత సగాలు ఉండేవి గురువుగారూ. డబ్బాల నిండా. అవి అయిపోయేదాకా కొత్త కవరు తెరవరు."

"అవి ఎప్పటికి అయిపోతాయి?"

వాడు మళ్ళీ కుర్రాడి నోట్లోకి ఊపిరి ఊది, తలెత్తి జవాబు చెప్పాడు.

"దాచుకున్నవన్నీ చూపించమని నేనే ఇల్లిల్లూ తిరిగాను. ఇవాళ పొద్దుటికి అందరి దగ్గరా తీసేసుకున్నాను. ఈ ఇల్లే ఆఖరు."